పన్నెండు లక్షల నాటి పరివారం, లక్షన్నర కొకుల నేల: యొనెజావా సంస్థానం లెక్క

జపాన్ ఈశాన్యాన, ఇప్పటి యమగత రాష్ట్రం దక్షిణపు కొసన, చుట్టూ కొండలున్న పళ్లెం లాంటి మైదానంలో యొనెజావా ఊరుంది. చలికాలమంతా మంచులోనే ఉంటుంది. 1601 నుంచి 1871 దాకా, అంటే 270 ఏళ్లపాటు, దీన్ని ఉయెసుగి వంశం ఏలింది. ఈ సంస్థానం పేరెత్తితే జపాన్‌లో ఎవరైనా ముందు చెప్పేది తొమ్మిదో ప్రభువు ఉయెసుగి యోజాన్ గురించే. నూలు బట్టలు కట్టి, ఒక పులుసూ ఒక కూరతో భోంచేసి, దివాలా తీసిన సంస్థానాన్ని నిలబెట్టిన ఆదర్శ ప్రభువుగా బడి పిల్లలకు కూడా ఆయన తెలుసు.

ఆ కథ అబద్ధం కాదు గానీ, అది సగమే. అసలు ఆ సంస్థానం దివాలా ఎందుకు తీసిందో తెలియకపోతే, ఆయన చేసిన పనుల్లో ఏది ఫలించిందో, ఏది బెడిసికొట్టిందో అర్థం కాదు. కారణం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. పన్నెండు లక్షల కొకుల రోజుల్లో చేరదీసిన పరివారాన్ని లక్షన్నర కొకులకు పడిపోయాక కూడా వదలలేదు. మిగతావన్నీ, చివరికి ఇళ్ల చుట్టూ వేసిన ముళ్ల కంచెలు కూడా, ఆ లెక్కలోంచే పుట్టాయి.

ముందు కొకు అంటే ఏమిటి

ఒక కొకు దాదాపు 180 లీటర్ల కొలత. బియ్యంలో చెప్పాలంటే సుమారు 150 కిలోలు, అంటే మనం ఇంటికి తెచ్చుకునే 25 కిలోల బస్తాలు ఆరు. ఒక మనిషికి ఏడాది తిండి అని ఆనాటి లెక్క. సంస్థానాల స్థాయిని ఈ కొకుల్లోనే చెప్పేవారు. పదివేల కొకులు, అంతకు మించి ఉన్నవాడు దైమ్యో, అంటే సంస్థానాధీశుడు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. లక్షన్నర కొకుల సంస్థానం అంటే ప్రభువు చేతికి లక్షన్నర కొకుల బియ్యం వస్తుందని కాదు. ఆ నేల మొత్తం పండించగలదని కాగితం మీద కట్టిన అంచనా అది. అందులో ఇంచుమించు సగం రైతు దగ్గరే ఉండిపోతుంది, మిగతాది పన్ను. పైగా ఈ అంకెలు రెండు రకాలు. దేశాన్నేలే సైనిక అధిపతి షోగన్, ఆయన ప్రభుత్వం గుర్తించిన పైలెక్క ఒకటి, సంస్థానం సొంతంగా సర్వే చేయించుకుని తేల్చుకున్న లోపలి లెక్క ఇంకొకటి. షోగన్ ఉండే ఎదొ (ఇప్పటి టోక్యో) కోటలో ప్రభువు ఏ గదిలో కూర్చోవాలి, యుద్ధమొస్తే ఎందరిని పంపాలి, ఊరేగింపులో ఎన్ని బల్లేలు ఉండాలి అన్నవి పైలెక్కను బట్టి నడిచేవి. కడుపు నిండేది మాత్రం లోపలి లెక్కతో. 1638 సర్వేలో యొనెజావా లోపలి లెక్క అయిదు లక్షల కొకులు దాటింది. అప్పటి పైలెక్క మూడు లక్షలే. ఈ తేడాను మనసులో పెట్టుకుంటే ముందు జరిగేది తేలిగ్గా అర్థమవుతుంది.

పన్నెండు నుంచి మూడుకు

ఉయెసుగి పేరుకు ఆ ప్రతిష్ఠ తెచ్చినవాడు కెన్షిన్ (1530–1578). ఆయన పుట్టుక నాగావొ వంశం, సొంత నేల జపాన్ సముద్రం ఒడ్డున ఉన్న ఎచిగొ, ఇప్పటి నీగాత రాష్ట్రం. 1561లో దత్తత ద్వారా ఉయెసుగి పేరు, దాంతోపాటు వచ్చే గౌరవం ఆయనకు దక్కాయి. కెన్షిన్ పెళ్లి చేసుకోలేదు. వారసుడెవరో తేల్చకుండానే 1578లో పోయాడు. పెంపుడు కొడుకులిద్దరు, అక్క కొడుకు కగెకత్సు, హోజో వంశం నుంచి వచ్చిన కగెతొరా, కొట్టుకున్నారు. కగెకత్సు గెలిచాడు. వారసుడిని ముందుగా ప్రకటించకపోవడం అనే తప్పు ఈ వంశంలో మళ్లీ జరుగుతుంది. రెండోసారి దాని ఖరీదు ఇంకా ఎక్కువ.

1598లో, అప్పట్లో దేశాన్ని ఏలుతున్న హిదెయొషి కగెకత్సును ఎచిగొ నుంచి లేపి, యొనెజావాకు దక్షిణాన ఉన్న ఐజుకు మార్చాడు. పన్నెండు లక్షల కొకులు. దేశంలో అంతకంటే పెద్ద సంస్థానాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మంత్రి నావొయె కనెత్సుగుకు యొనెజావా ఇచ్చారు. రెండేళ్లయినా తిరగకముందే హిదెయొషి పోయాడు, తర్వాత షోగన్ అయిన తొకుగావా ఇయెయసుకు ఎదురు నిలిచినవాళ్లలో కగెకత్సు ఒకడయ్యాడు. 1600లో సెకిగహారా యుద్ధం నాటికి ఉయెసుగి సేన అక్కడ లేదు, ఉత్తరాన మొగామి వంశంతో పోరాడుతోంది. అయినా ఓడిన పక్షం ఓడిన పక్షమే. 1601లో కగెకత్సుకు మిగిలింది యొనెజావా, దానికి ఆనుకున్న షినొబు, దాతె జిల్లాలు. మొత్తం మూడు లక్షల కొకులు.

మామూలుగా ఇలాంటప్పుడు నాలుగింట మూడొంతుల మంది సామురాయిలను పంపేస్తారు. ఆ రోజుల్లో దేశం నిండా అలా దిక్కులేకుండా పోయిన సామురాయిలే. కగెకత్సు పంపలేదు. సుమారు ఆరువేల మంది కొలువుదార్లు ఆయన వెంట కొండలు దాటి చిన్న కోట ఊరికి వచ్చారు. జీతాలు మాత్రం మూడో వంతుకు కోశారు.

దీన్ని ఔదార్యంగానే చెప్పుకుంటారు. అందులో ముందుచూపూ ఉందనుకోవాలి. 1601లో తొకుగావా పాలన నిలుస్తుందో లేదో ఎవరికీ తెలియదు. ఇంకో యుద్ధం తప్పదని అందరూ అనుకున్నారు, 1614లో ఒసాకాలో వచ్చింది కూడా. చేతిలో సైన్యం ఉన్నవాడి మాటకే విలువ. 1604లో నావొయె, ఒసాకా దగ్గరి సకాయి నుంచీ, ఓమి ప్రాంతపు కునితొమొ నుంచీ తుపాకీ కమ్మరులను రప్పించి, ఊళ్లో కాకుండా షిరాబు అనే కొండల్లోని వేడినీటి బుగ్గల దగ్గర కొలిమి పెట్టించాడు. ఎదొ గూఢచారుల కంటపడకుండా అక్కడ వెయ్యి దాకా తుపాకులు తయారయ్యాయి. తీరా ఒసాకా యుద్ధంలో ఆ తుపాకులు తొకుగావా పక్షానే పేలాయి. అది వేరే సంగతి.

కోటలో ఒక కులీనుడు, పొలంలో ఒక సామురాయి

అంతమందిని పెట్టేదెక్కడ? యొనెజావా కోటకు రాతి గోడలు లేవు, నడిమి బురుజు లేదు. మట్టి కట్టలు, రెండు మూడంతస్తుల కాపలా మేడలు అంతే. కోట చుట్టూ ఊళ్లో పట్టని చిన్న సామురాయిలను నావొయె ఊరి బయట బీళ్లలో దించాడు. వీళ్లను హరకతా అన్నారు, బయలు వైపు వాళ్లు అని. ఒక్కో ఇంటికి సుమారు 150 త్సుబొల స్థలం, అంటే దాదాపు 500 చదరపు మీటర్లు. వీధి వైపు ముఖం ఇరుకు, లోతు ఎక్కువ. ముందు ఇల్లు, వెనక పెరడు. పెరట్లో కూరలు, పండ్ల చెట్లు. అటు పక్క చౌడు నేల ఎంత సాగులోకి తెచ్చుకుంటే అంత.

బీళ్లకు ఆనుకుని పారే మొగామి నది పై పాయ, అక్కడివాళ్లకు మత్సుకావా, వరదొస్తే ఊరినే ముంచేది. అందుకే నావొయె ముందు కట్టించింది కోట కాదు, రాతి కరకట్ట. ఇప్పటికీ ఒక కిలోమీటరు పైచిలుకు మిగిలి ఉంది. ఏటి బండలు పేర్చి కట్టింది.

స్థలం హద్దుకు గోడ కట్టే స్తోమత ఎవరికీ లేదు. బదులుగా ఉకొగి అనే ముళ్ల పొద నాటారు. గొల్ల కర్రంత ఎత్తు పెరిగే ఈ పొదకు వసంతంలో లేత చిగురొస్తుంది. కొంచెం చేదు. దాన్ని కోసి, ఉడకబెట్టి, అన్నంలో కలిపో, మిసొతో (పులియబెట్టిన సోయా ముద్ద) నూరో తింటారు. ఎంత కోస్తే అంత చిగురు మళ్లీ వస్తుంది. కంచె, కూరమడి రెండూ ఒకటే. దొంగకు ముల్లు, ఇంటివాడికి ఆకు. యొనెజావా దక్షిణపు వీధుల్లో ఈ కంచెలు నేటికీ ఉన్నాయి.

కోట ఊరి సామురాయిలు వీళ్లను పేడ పిసికేవాళ్లని ఎగతాళి చేసేవారు. బయలువాళ్లు ఊరుకుంటారా, మీవి గంజి పొట్టలని తిరిగి అనేవారు. ఆ గంజి మాటే నిజానికి దగ్గర. జీతం మీదే బతికే ఊరివాడి పళ్లెంలో బియ్యం తగ్గుతుంటే, బయలువాడి పెరడు ఏదో ఒకటి ఇస్తూనే ఉంది.

కొలువుదార్లలో పైవరుస సామురాయి దళం, కింద మూడు దళాలు. ఆ మూడింటి పేర్లు చూస్తే వంశ చరిత్రంతా కనిపిస్తుంది: కెన్షిన్ అంగరక్షకుల సంతతి ఒక దళం, కగెకత్సు పుట్టింటి వైపు వాళ్లు ఒక దళం, నావొయె మనుషులు ఇంకో దళం. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా తన ముత్తాత ఎవరి గుర్రం పక్కన నడిచాడన్నదాన్ని బట్టి మనిషి పదవి తేలేది. ఈ బిగుసుకుపోయిన కట్టే తర్వాత సంస్కరణలకు అడ్డం పడింది.

మూడో ప్రభువు కాలం దాకా బండి నడిచింది. లోపలి లెక్క అయిదు లక్షలు కదా, ఆ ఎచ్చు ఆదాయమే మోసింది.

1664: సంతకం లేని చావు

మూడో ప్రభువు త్సునకత్సు 1664లో ఎదొలో హఠాత్తుగా చనిపోయాడు. పిల్లల్లేరు. దత్తత చేసుకోలేదు. వయసు ముప్పై కూడా లేదు.

తొకుగావా చట్టంలో ఇది ప్రాణాంతకం. వారసుడు లేకుండా ప్రభువు పోతే సంస్థానం రద్దు. మన చరిత్రలో డల్హౌసీ దత్తత చెల్లదని రాజ్యాలు కలిపేసుకున్నాడు కదా, దానికి దగ్గరగా ఉంటుంది, తేడా కూడా ఉంది. 1651 నుంచి జపాన్‌లో మరణశయ్య మీద దత్తతకు అనుమతి ఇచ్చారు, రద్దయిన సంస్థానాల సామురాయిలు వీధినపడి కుట్రలు చేస్తున్నారన్న భయంతో. కానీ ఆ దరఖాస్తు ప్రభువు ప్రాణాలతో ఉండగా వెళ్లాలి. త్సునకత్సు దరఖాస్తు పెట్టకుండానే పోయాడు.

అడ్డుపడి వంశాన్ని కాపాడినవాడు ఐజు ప్రభువు హొషినా మసయుకి. మూడో షోగన్‌కు సవతి తమ్ముడు, త్సునకత్సుకు మామగారు. ఆయన మాట మీద త్సునకత్సు చెల్లెలి కొడుకును, రెండేళ్లు కూడా నిండని పసివాడు త్సుననొరిని, వారసుడిగా ఒప్పుకున్నారు. శిక్షగా సంస్థానాన్ని సగానికి కోశారు. షినొబు, దాతె జిల్లాలు పోయాయి. మిగిలింది లక్షన్నర కొకులు. ఐజుకు ఉయెసుగి పడ్డ ఈ రుణం రెండు వందల ఏళ్ల తర్వాత తీర్చాల్సి వచ్చింది.

ఆ పసివాడి తండ్రి కిరా యొషినాకా. షోగన్ కొలువులో మర్యాదల అధికారి. నలభై ఏడుగురు రొనిన్‌ల (ప్రభువు లేని సామురాయిల) ప్రతీకారం కథ విన్నవాళ్లకు ఈ పేరు తెలుసు, వాళ్లు తల నరికింది ఈయనదే, 1703 జనవరి చివర. నాటకాల్లో ఉయెసుగి సేనను బయల్దేరనీయకుండా చిసాకా అనే మంత్రి ఆపుతాడు. ఆ మనిషి 1700లోనే చనిపోయాడు. కన్న తండ్రిని చంపినా త్సుననొరి కదల్లేదంటే, కదిలితే మిగిలిన లక్షన్నర కూడా పోతుందని తెలుసు గనక.

అంతకుముందు నష్టం ఇంకో రకంగా జరిగింది. కిరా ఇంటి ఖర్చులు ఉయెసుగి ఖజానా మోసింది. కెన్షిన్ వంశమన్న హోదా కోసం ఎదొలో మర్యాదలు, కానుకలు పాత స్థాయిలోనే నడిపారు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. సేవకులను మాత్రం ఈసారీ పంపలేదు, జీతాలు మళ్లీ సగం చేశారు.

1601లో ఆ నిర్ణయానికి అర్థముంది. 1664లో లేదు. యుద్ధాలు ఆగిపోయి యాభై ఏళ్లయింది. కాకపోతే అప్పటికది ప్రభువు నిర్ణయంగా లేదు, వంశం పరువుగా మారిపోయింది.

అప్పు ఎలా పెరిగింది

పద్దెనిమిదో శతాబ్దం నడుమకు వచ్చేసరికి పద్దు ఇలా ఉంది. పైలెక్క లక్షన్నర కొకులు. అందులో లక్షా ముప్పై మూడు వేల కొకులు కొలువుదార్ల జీతాల పేర రాసి ఉన్నాయి. మిగతా చిల్లరతో ఎదొలో ప్రభువు ఇల్లు, ఏడాది విడిచి ఏడాది రాజధాని ప్రయాణం, షోగన్ చెప్పిన పనులు, వరద మరమ్మతులు అన్నీ జరగాలి. అందుకని జీతాల్లో కొంత భాగాన్ని సంస్థానం "అరువు" తీసుకోవడం మొదలుపెట్టింది. తిరిగివ్వని అరువు. ఎదొ వర్తకుల దగ్గర, సకాత రేవు వర్తకుల దగ్గర అప్పులు. పాత అప్పు వడ్డీకి కొత్త అప్పు. మొత్తం రెండు లక్షల ర్యో (ఆనాటి బంగారు నాణెం) అని సాధారణంగా చెబుతారు.

రైతు దగ్గర పిండటానికి ఇంకేం మిగల్లేదు. 1692లో లక్షా ముప్పై వేలు దాటిన జనాభా 1760కి లక్షకు దిగింది. పారిపోయినవాళ్లు కొందరు, 1755 కరవులో పోయినవాళ్లు కొందరు, పుట్టగానే చంపేసిన పసికందులు ఎందరో. మనిషి లేని పొలానికి పన్ను రాదు, ఆ లోటు పక్కవాడి మీద పడుతుంది, వాడూ వెళ్లిపోతాడు.

ఎనిమిదో ప్రభువు షిగెసదా కాలంలో మొరి హెయియెమొన్ అనే ఆంతరంగికుడి చేతిలో అధికారమంతా పోగయింది. 1763లో తకెనొమత మసత్సున అనే అధికారి, తన వర్గంతో కలిసి, అతన్ని చంపించాడు. మరుసటి ఏడాది షిగెసదా సంస్థానాన్నే షోగన్‌కు తిరిగిచ్చేద్దామని ఆలోచించాడు. బంధువులు ఆపారు. పరిస్థితి అక్కడిదాకా వచ్చింది.

యోజాన్ మొదటి ప్రయత్నం

యోజాన్ అసలు పేరు హరునొరి. 1751లో పుట్టాడు. దక్షిణాన క్యూషూలో 27 వేల కొకుల చిన్న సంస్థానం తకనాబె ప్రభువు రెండో కొడుకు. అమ్మమ్మ వైపు ఉయెసుగి రక్తం కొంత ఉంది, తొమ్మిదేళ్లకు దత్తత వచ్చాడు, 1767లో ప్రభువయ్యాడు.

వచ్చీ రాగానే ఎదొ ఇంటి ఖర్చును ఏడాదికి 1,500 ర్యో నుంచి 209కి దించాడు. యాభై మంది పరిచారికలను తొమ్మిదికి తగ్గించాడు. జనం గుర్తుపెట్టుకున్నది ఇదే. లెక్కలో చూస్తే ఇది చాలా చిన్నది. ఏడాదికి మిగిలింది 1,291 ర్యో. రెండు లక్షల అప్పుకు అసలు మాట దేవుడెరుగు, వడ్డీకి కూడా చాలదు. దాని విలువ వేరే: సగం జీతాలతో బతుకుతున్నవాళ్లను ఇంకా ఓర్చుకోమని అడగడానికి ప్రభువుకు నోరు వచ్చింది.

అందరూ ఓర్చుకోలేదు. 1773 జూన్ ఆఖరులో (పాత పంచాంగం ప్రకారం) ఏడుగురు పెద్ద కొలువుదార్లు నలభైకి పైగా ఫిర్యాదులున్న పత్రం పట్టుకొచ్చి, తకెనొమత వర్గాన్ని తీసేయమని ప్రభువును నిలదీశారు. కింది దళాల నుంచి వచ్చినవాళ్లు తమ మీద పెత్తనం చేయడం వాళ్లకు మింగుడుపడలేదు. ఇరవై రెండేళ్ల ప్రభువు అధికారులను పిలిచి ఈ ఆరోపణలు నిజమేనా అని విచారించాడు. కాదన్నారు. కొద్ది రోజుల్లోనే తీర్పు: ఇద్దరికి సెప్పుకు (కడుపు కోసుకుని చావాలనే శిక్ష), అయిదుగురికి నిర్బంధం, జాగీర్ల కోత. వెనకుండి నడిపించాడని ఒక పండితుడి తల నరికారు. మెత్తని మనిషిగా చెప్పుకునే ప్రభువు చరిత్రలో ఈ పేజీని జనం తొందరగా తిప్పేస్తారు.

ఇక తకెనొమత పెద్ద పథకం. 1775లో ఉరుషి, మల్బరీ, కాగితం తీసే కొజొ చెట్లు, ఒక్కోటి పది లక్షలు నాటాలని మొదలుపెట్టాడు. పెట్టుబడికి ఎదొ వర్తకులు అప్పిచ్చారు. మల్బరీ ఆకుతో పట్టుపురుగులు, కొజొ బెరడుతో కాగితం. వీటన్నిటికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఉరుషి మీద. ఈ చెట్టు జిగురుతో పాత్రలకు మెరుగు వేస్తారు, గింజల నుంచి మైనం తీసి కొవ్వొత్తులు పోస్తారు. సంస్థానానికి కావలసింది ఆ మైనం.

ఇది ఎక్కడ చెడింది? ముందు కాలం. నాటిన మొక్క గింజ పట్టడానికి ఏళ్లు పడుతుంది, అప్పు వడ్డీ మాత్రం మొదటి ఏడాది నుంచే. తర్వాత ధర. గింజలు సంస్థానానికే అమ్మాలి, వాళ్లు చెప్పిన తక్కువ రేటుకే. అలాంటి చెట్టును ఏ రైతు ప్రేమగా పెంచుతాడు? అన్నిటికీ మించి సంత. పశ్చిమ జపాన్‌లో, ముఖ్యంగా క్యూషూలో, హజె అనే చెట్టు గింజల మైనం వెల్లువగా వస్తోంది. చౌక, నాణ్యత మేలు. చలి కొండల మధ్య తీసి, ఎడ్ల మీద మోసి, పడవలెక్కించి పంపే యొనెజావా మైనం దానితో పోటీ పడలేకపోయింది. హరునొరి పుట్టిన ఊరు క్యూషూలోనే ఉండటం విచిత్రం.

1782లో అధికార దుర్వినియోగం, విలాసాల ఆరోపణల మీద తకెనొమతను తొలగించి ఇంట్లో నిర్బంధించారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఖర్చు కోయడమే పాలన అనుకున్నారు. పెట్టుబడి పనులూ ఆగాయి.

వడ్లు, మగ్గాలు

అదే సమయానికి తెన్‌మెయి కరవు. 1783లో చలి, వానలకు తోడు అసామా అగ్నిపర్వతం బద్దలైంది. ఉత్తరాన త్సుగారు సంస్థానంలో ఎనభై వేలకు పైగా చనిపోయారని లెక్క. అక్కడ అంతకుముందే అప్పుల కోసం నిల్వ బియ్యాన్ని ఒసాకా, ఎదొలకు అమ్మేశారు. యొనెజావా 1774 నుంచే గాదెలు కట్టి నిల్వ పెడుతూ వచ్చింది. బియ్యం కాదు, వడ్లు. పొట్టు తీసిన బియ్యానికి ఒక వానాకాలం గడిస్తే పురుగు పడుతుంది. వడ్లయితే ఏళ్ల తరబడి ఉంటాయి, పాతవి తీసి కొత్తవి పోస్తూ ఉంటే చాలు. మన పల్లెల్లో గాదెలున్న ఇళ్లవాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. దాంతోపాటు సకాత, ఎచిగొల నుంచి పదివేల బస్తాలకు పైగా బియ్యం కొని తెప్పించారు. సారా కాయడం ఆపించారు. యొనెజావాలో ఒక్కరూ ఆకలితో చావలేదని పొగిడేవాళ్లున్నారు. అంత మాట అనలేం, జనాభా అక్కడా తగ్గింది. కానీ చుట్టుపక్కల జరిగిన ఘోరం మాత్రం జరగలేదు.

కరవు ఖర్చు ఖజానాను మళ్లీ ఖాళీ చేసింది. 1785లో హరునొరి తప్పుకుని షిగెసదా కన్న కొడుకు హరుహిరొకు గద్దె ఇచ్చాడు. ఇస్తూ మూడు వాక్యాల పత్రం రాసిచ్చాడు. రాజ్యం పూర్వీకుల నుంచి వచ్చి సంతానానికి పోయేది, సొంతానికి వాడుకునేది కాదు. ప్రజలు రాజ్యానికి చెందినవాళ్లు, వాళ్లనూ సొంతానికి వాడుకోకూడదు. ప్రభువు రాజ్యం కోసం, ప్రజల కోసం ఉన్నాడు గానీ వాళ్లు ప్రభువు కోసం లేరు. దీన్ని ప్రజాస్వామ్యం అనుకోనక్కర్లేదు. దత్తతకు వచ్చిన మనిషి, ఉయెసుగి ఇంట్లోనే పుట్టినవాడికి చేసిన అప్పగింత అది. నువ్వూ నాలాగే కాపలాదారువే అని గుర్తుచేయడం.

నిజమైన మలుపు 1791లో. తకెనొమత వర్గంలోనే ఉండి పక్కకు తప్పుకున్న నొజొకి యొషిమసను మళ్లీ పిలిచారు. ఈయన పది లక్షల చెట్ల మనిషి కాదు. పదహారేళ్ల పద్దు వేశాడు, ఏ ఏడు ఎంత వస్తుంది, ఎవరి అప్పు ఎంత తీరుతుంది అని. వర్తకులతో కూర్చుని వాయిదాలు మార్పించాడు. సలహాల పెట్టె పెట్టించాడు. వదిలేసిన పొలాల్లో సామురాయిల, రైతుల రెండో కొడుకులను, మూడో కొడుకులను స్థిరపరిచాడు. బిడ్డ పుట్టిన పేద ఇంటికి సాయం ఇప్పించాడు, పసికందులను చంపడం ఆపాలంటే బెదిరింపు చాలదని గ్రహించి.

అన్నిటికంటే నిలిచింది మగ్గం. యొనెజావాలో అవొసొ అనే నారమొక్క ఎప్పటినుంచో పండేది. బెరడు ఒలిచి, గీకి, మెరిసే పోగు తీసి నారా, ఎచిగొ నేతగాళ్లకు పచ్చి సరుకుగా అమ్మేవారు. లాభమంతా నేసినవాడిదే. 1776లోనే ఎచిగొ నుంచి నేత తెలిసినవాళ్లను రప్పించి ఇక్కడే నేయడం మొదలెట్టారు. నేసింది ఎవరంటే సామురాయిల ఇళ్లలోని ఆడవాళ్లు. కోయలేని జీతాల పట్టీకి ఇది సరైన మందు: పనిలేని ఆరువేల ఇళ్లు ఒక్కసారిగా ఆరువేల చేతిపని శాలలయ్యాయి. నారతో మొదలై, మల్బరీ తోటలు ఎదిగాక పట్టుకు మళ్లారు. మైనం కోసం వేసిన పథకంలో మైనం ఓడింది, పక్కన నాటిన మల్బరీ గెలిచింది. కుసుమ పువ్వు రంగు ఎలాగూ ఆ నేలదే. ఆ నేత ఊరికి ఎంతగా అంటుకుపోయిందంటే, 1915లో జపాన్‌లో కృత్రిమ పట్టు తయారీ మొదలైందీ యొనెజావాలోనే. తేజిన్ కంపెనీ మూలం అదే.

నీటి పని కురొయి హన్‌షిరొ అనే లెక్కల అధికారిది. ఎండిన ఉత్తరపు పొలాలకు కాలువ తవ్వించాక, ఇయిదె కొండలో అవతలి వాలున పారే నీళ్లను సొరంగం తొలిచి ఇవతలికి మళ్లించాలని తలపెట్టాడు. సొరంగం దాదాపు 150 మీటర్లే. కానీ ఆ ఎత్తున మంచు కరిగి పని సాగేది వేసవి నెలల్లోనే. 1799లో మొదలైంది, కురొయి అదే ఏడు పోయాడు, పని 1818లో ముగిసింది.

1802లో నొజొకి ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు, 1,575 ప్రతులు. పేరు కతెమొనొ, అంటే అన్నంలో కలిపి పెంచుకునే సరుకు. కరవులో తినదగ్గ 82 మొక్కలు, ఏది ఎలా ఉడికించాలి, దేన్ని నీళ్లు మార్చి నానబెట్టాలి, మిసొ ఎలా వేసుకోవాలి అని. ఆకలి వేసినప్పుడు వెతుక్కునేవాడికి విషపు ఆకు, మంచి ఆకు తేడా చెప్పే మనిషి ఊళ్లో బతికి ఉండకపోవచ్చు, అందుకే ముందే అచ్చేసి ఊరూరా పంచారు. ఆ ప్రాంతంలో నేటికీ ఎండబెట్టి కొత్త సంవత్సరానికి వండుకునే హ్యొ అనే ఆకు మన గంగవాయిలి కూరే.

హరునొరి 1802లో గుండు చేయించుకుని యోజాన్ అని పేరు మార్చుకున్నాడు, 1822లో పోయాడు. పాత అప్పు దాదాపు తీరింది ఆ మరుసటి ఏడే అని చెబుతారు. ఆయన గద్దెనెక్కిన నాటి నుంచి 56 ఏళ్లు.

లెక్క ముగిసిన ఏడాది

1868లో, షోగన్ పాలనను దించేసి వచ్చిన కొత్త ప్రభుత్వం ఐజును శత్రువుగా ప్రకటించినప్పుడు, 1664 నాటి మేలు మరవని యొనెజావా ఐజు తరఫున మధ్యవర్తిత్వం నడిపింది. అది చెల్లకపోవడంతో సెందాయితో కలిసి ఈశాన్య సంస్థానాల కూటమికి ముందు నిలిచింది. నీగాత వైపు పోరాడి, ఓడి, శరత్కాలానికి లొంగిపోయింది. శిక్ష నలభై వేల కొకుల కోత. 1871లో సంస్థానాలనే రద్దు చేశారు. చివరి ప్రభువు మొచినొరి పదేళ్ల తర్వాత ఒకినావా పాలకుడిగా వెళ్లాడు. దీవులన్నీ తిరిగి చూసి, అక్కడి పాత పన్నుల భారం మార్చాలని టోక్యోకు రాశాడు. 1883లో ఆయన్నే మార్చేశారు.

ఇక కొలువుదార్ల జీతాలు. రద్దయ్యాక వాటిని కేంద్ర ప్రభుత్వం నెత్తికెత్తుకుంది, అయిదేళ్లు మోసి, 1876లో అందరికీ బాండ్లు చేతిలో పెట్టి ఆపేసింది. కగెకత్సు 1601లో కోయలేని పట్టీని టోక్యో గుమాస్తాలు అలా కొట్టేశారు. ఎచిగొ నుంచి ఐజుకు, ఐజు నుంచి యొనెజావాకు వంశం వెంట మోసుకొచ్చిన కెన్షిన్ అవశేషాలు అప్పటిదాకా కోట లోపలే ఒక మూల మందిరంలో ఉండేవి. వాటిని కూడా అదే 1876లో ఊరి పడమట, దేవదారు చెట్ల కింద మిగతా ప్రభువుల సమాధుల వరుస నడుమకు చేర్చారు.